మా ఇంటి సర్వరు

మా ఉద్దానంలో సర్వరు అనగా హోటలులో ఇడ్లీ తెచ్చి, చట్నీ పోసి వెళ్ళే మనిషి. కనుక 2016లో మా అబ్బాయి అరచేతిలో ఇమిడే యంత్రమొకటి తెచ్చి దేవుని గూటి పక్కన పెట్టి, "నాన్నా, ఇకమీదట సర్వరు మన ఇంట్లోనే" అన్నప్పుడు, నా శ్రీమతి దానిని కాసేపు పరికించి, "ఏటండీ, ఇది టిప్పు అడగదు గదా?" అన్నది. అడగలేదు. నెలకు నాలుగు యూనిట్ల లోపు కరెంటు మాత్రం తాగుతుంది.

ఈ కాపలాకు కారణం ఉన్నది. బడిలో పిల్లలకు నేనొక పని అప్పగించేవాడిని. ఇంట్లో మామ్మ పలికే మాట, పుస్తకంలో లేనిది, వారానికొకటి వ్రాసి తేవాలి. బుగత, కంబారి అందరూ ఎరిగినవే. వాటి వెనుక గాలివాటానికీ, వలముళ్ళకూ, జీడితోట పనులకూ చెందినవి వందల మాటలు వచ్చిపడ్డాయి. 2006లో వాటిలో కొన్నింటిని ఒక ఉచిత జాలస్థలంలో చేర్చాను. ఉచితమైనది శాశ్వతం కూడా అనుకున్న రోజులవి. 1994లో అమెరికాలో మొదలై లక్షలమంది సొంత పుటలకు తావిచ్చిన జియోసిటీసే 2009 అక్టోబరులో మూతపడింది. నాకు తావిచ్చినది వేరొకటి, పేరెందుకు గానీ, అదీ పోయింది. ముందుగా ఉత్తరం పంపారట, నేను తెరవని పెట్టెకు! మాటలు చెప్పిన మామ్మలలో చాలామంది అప్పటికే లేరు. నోటుపుస్తకాలే మిగిలాయి.

ఇంటినే సంస్థగా నడపడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయులు. సవర భాష నేర్వదలచి సవరలను తమ ఇంటనే ఉంచుకొని నేర్చారు. సొంత ఖర్చుతో వారికి బడులు పెట్టారు. వ్యావహారిక భాష కోసం 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక నడిపారు. (అరసున్నలు దిద్దుతూ పెరిగిన నావంటి పండితుడు వారిని కీర్తించడం చూసి నవ్వుకొనేవారు నవ్వుకోవచ్చును.) ఆ పత్రిక ఏడాదికే ఆగింది. వారి సవర భాషా వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఈలోగా 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, పంతులుగారు ఆ ఊరే విడిచి రాజమహేంద్రవరం వెళ్ళారు. ఇల్లు చేజారినా, ప్రతులు పలుచోట్ల ఉండుటచేత పుస్తకాలు నిలిచాయి. తరగతిలో ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పానో! నా విషయంలో మాత్రం స్ఫురించలేదు.

యంత్రం ఇంట్లో చక్కగా నడిచింది. బెంగుళూరులో ఉన్న అబ్బాయికి మాత్రం తెరుచుకోలేదు. ఇంటర్నెట్టు పాత పద్ధతిలో ఉన్న చిరునామాలు సుమారు 429 కోట్లు. వాటి మూల నిలువ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. అందువల్ల పలుచోట్ల కంపెనీవారు అనేక ఇళ్ళకు కలిపి ఒకే బయటి చిరునామా ఇస్తున్నారు. సత్రం పేర ఉత్తరం వచ్చింది, గది నంబరు లేదు, గుమాస్తా ఎవరికివ్వగలడు? లోపలి వారు బయటికి వెళ్ళవచ్చును గానీ, బయటివారు వచ్చి మన తలుపు తట్టలేరు. చివరకు అబ్బాయి మా యంత్రం చేతనే బయటికి ఒక సొరంగం త్రవ్వించి, ఆ దారిన లోపలికి వచ్చాడు. వచ్చి, నా అచ్చుతప్పులు లెక్కపెట్టాడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరితోటలు నేలకొరిగాయి. మా ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. పెంకులు లేచిపోయి అటకపైని నోటుపుస్తకాలు ముద్దయ్యాయి. యంత్రంలో ఉండే గోరంత కార్డు కనబడక, అదీ వరదపాలైందని నేను కుంగిపోయాను. నాలుగోనాడు శ్రీమతి బియ్యం కొలుస్తూ గుడ్డమూట ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. తుపాను ముందురాత్రే ఊడదీసి బియ్యం డబ్బాలో దాచిందట. "మీకు చెబితే ఇంకోచోట దాచమంటారు" అన్నది.

అప్పటికి నేను సగం మాటలే టైపు చేసి ఉన్నాను. మిగిలిన సగాన్ని ఆమెనూ ఇరుగుపొరుగునూ అడిగి మళ్ళీ కూర్చుకుంటున్నాను, దొరికినన్ని దొరుకుతున్నాయి. ఇప్పుడు ప్రతి ఆదివారమూ ఒక నకలు హైదరాబాదులో మా అమ్మాయి ఇంటి యంత్రానికి పోతుంది, ఏడాదికొకటి కాగితంపై అచ్చయి బడి గ్రంథాలయానికి చేరుతుంది. మొన్న ఒక వలముడికి నేను వ్రాసిన అర్థం చదివి శ్రీమతి తప్పని తేల్చింది. మూడు చోట్లా దిద్దవలసి వచ్చింది.