తోట వెనుక నిలిచిన చిత్రము

2018 అక్టోబరు 11 వేకువజామున పలాస చేరువను తీరము దాటిన తిత్లీ తుపాను, ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చినది. సోంపేట ప్రాంతమున ఆ తోటలు పూర్వమెట్లుండెనో తెలియవలెనన్న, ఇంటివారు చవుక కెమేరాలతో తీసికొన్న చిత్రములు మంచి సాక్ష్యము. వారు తీసినది తోటను గాదు, పసివానిని, కొత్తకోడలిని. తోట వారి వెనుక ఊరక నిలిచినది.

ఇట్టి బొమ్మ సామాన్యుల యింటికి చేరుటకు చాల కాలము పట్టినది. రాజా దీన్ దయాళ్ ఆరవ నిజాము కొలువులో ఛాయాచిత్రకారుడు. 1900లో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీ బ్రౌనీ కెమేరాను ఒక్క డాలరునకే అమ్మినది. మన దేశమున బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3 మధ్యతరగతి యిండ్లకు వచ్చినది. ఫిల్ము చుట్టకు 12 బొమ్మలే! అందరిని వరుసగా నిలిపి, కదలవద్దని గద్దించి తీయవలసినదే. పశువుల కొట్టమునకు వంతెక్కడిది?

1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ శాసన్ నిర్మించిన డిజిటల్ కెమేరా, ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపుపై నెక్కించుటకు 23 సెకండ్లు తీసికొనెను. తరువాత అట్టి యంత్రమే చొక్కా జేబులో నిమిడినది. దూరము, వెలుతురు అదియే చూచుకొనును. మీట నొక్కుట మన పని. ఫిల్ము ఖర్చు లేదు గనుక జనులు ఆలోచింపక తీసిరి. ఆ ఆలోచింపమియే చరిత్రకు మేలు చేసినదని మా తలంపు.

ఇప్పుడా పని చేతిఫోను చేయుచున్నది. పాత కెమేరాల మెమరీ కార్డులు పెట్టెల అడుగున పడియుండును. సోంపేట, కవిటి, మందస శ్రోతలు వానిని వెదకి, రెండు బొమ్మలనైనను అచ్చువేయించి, వెనుక ఊరిపేరు, సంవత్సరము వ్రాసియుంచుట మంచిది.