టి206 హోనస్ వాగ్నర్ కార్డు

టి206 హోనస్ వాగ్నర్ కార్డు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1909 - 1911 మధ్య కాలంలో సిగరెట్టు పెట్టెలలో ఉంచి పంచబడిన ఒక బేస్‌బాల్ కార్డు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు ఆటగాడు హోనస్ వాగ్నర్ చిత్రం దీనిపై ముద్రించబడినది. పొగాకు కొన్నవారికి ఉచితంగా లభించిన ఈ చిన్న అట్టముక్క 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. సేకరణకర్తలు దీనిని బేస్‌బాల్ కార్డులన్నిటిలోకి ప్రసిద్ధమైనదిగా పరిగణిస్తారు. తన బొమ్మను వేయడానికి వాగ్నర్ అంగీకరించకపోవడం వలననే ఈ కార్డు అరుదైనది. అతడు కాదనకపోయినట్లయితే ఇది కూడా ఆ వరుసలోని వందలాది కార్డులలో ఒకటిగా మిగిలిపోయి ఉండేది.

నేపథ్యం

19వ శతాబ్దం చివరి దశకాలలో అమెరికాలో సిగరెట్లను పలుచని కాగితపు పెట్టెలలో అమ్మేవారు. సిగరెట్లు నలిగిపోకుండా ఉండడానికి పెట్టెలో ఒక గట్టి అట్టముక్కను ఉంచేవారు. ఆ అట్టపై నటీమణుల, క్రీడాకారుల బొమ్మలు ముద్రిస్తే కొనేవారు పూర్తి వరుసను సేకరించడం కోసం అదే రకం సిగరెట్లను మళ్ళీ మళ్ళీ కొంటారని వ్యాపారులు గ్రహించారు. ఆ విధంగా 1880లలో బేస్‌బాల్ కార్డులు వాడుకలోకి వచ్చాయి. పెద్దలు సిగరెట్లు తీసుకొని పారవేసే కార్డుల కోసం పిల్లలు దుకాణాల వద్ద కాచుకొని ఉండేవారు.

1890లో పెద్ద పొగాకు కంపెనీలు కలిసి అమెరికన్ టొబాకో కంపెనీగా ఏర్పడ్డాయి. పోటీ తగ్గడంతో కార్డుల పంపిణీ కూడా చాలావరకు నిలిచిపోయినది. తిరిగి 1909లో ఈ కంపెనీ భారీ యెత్తున ఒక కొత్త వరుసను విడుదల చేసినది. స్వీట్ కాపొరల్, పీడ్‌మాంట్ మొదలైన 16 రకాల పొగాకు ఉత్పత్తులతో ఈ కార్డులు వచ్చాయి. సేకరణకర్తల లెక్క ప్రకారం ఇందులో 524 కార్డులు ఉన్నాయి. 1911లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు వలన ఈ గుత్తసంస్థ విచ్ఛిన్నమైనది.

"టి206" అనే పేరు కంపెనీ పెట్టినది కాదు. జెఫర్సన్ బర్డిక్ అనే సేకరణకర్త అమెరికాలో వెలువడిన కార్డులన్నిటినీ వర్గీకరించి ఒక జాబితా తయారుచేశాడు. అందులో 20వ శతాబ్దపు పొగాకు కార్డులకు "టి" అనే అక్షరం, ఈ వరుసకు 206 అనే సంఖ్య ఇచ్చాడు. బర్డిక్ 1963లో మరణించాడు. 3 లక్షలకు పైగా ఉన్న తన సేకరణను అతడు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చివేశాడు. అందులో ఒక వాగ్నర్ కార్డు కూడా ఉన్నది.

హోనస్ వాగ్నర్

హోనస్ వాగ్నర్ 1874 ఫిబ్రవరి 24న పెన్సిల్వేనియా రాష్ట్రంలో జర్మన్ వలస కుటుంబంలో జన్మించాడు. 1900 నుండి 1917 వరకు పిట్స్‌బర్గ్ జట్టుకు ఆడాడు. రెండవ, మూడవ బేసుల మధ్య నిలబడి బంతిని అడ్డుకునే షార్ట్‌స్టాప్ స్థానంలో అతడు అసాధారణ ప్రతిభ చూపాడు. నేషనల్ లీగులో 8 సార్లు అత్యధిక బ్యాటింగ్ సగటు సాధించాడు. 1909 వరల్డ్ సిరీస్‌లో అతని జట్టు డెట్రాయిట్ టైగర్స్ జట్టును ఓడించినది. 1936లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు మొట్టమొదట ఎన్నికైన ఐదుగురిలో వాగ్నర్ ఒకడు. మిగిలిన నలుగురు టై కాబ్, బేబ్ రూత్, క్రిస్టీ మాథ్యూసన్, వాల్టర్ జాన్సన్. వాగ్నర్ 1955 డిసెంబరు 6న మరణించాడు.

కార్డు వివరణ

కార్డు వెడల్పు సుమారు ఒకటిన్నర అంగుళాలు, ఎత్తు సుమారు రెండున్నర అంగుళాలు. నారింజరంగు నేపథ్యంపై టోపీ లేకుండా, పాపిట మధ్యకు తీసిన వాగ్నర్ ముఖచిత్రం ఉంటుంది. కార్ల్ హార్నర్ అనే ఛాయాగ్రాహకుడు తీసిన ఫొటో ఈ చిత్రానికి ఆధారం. అడుగున ఆటగాని పేరు, ఊరి పేరు గోధుమరంగు సిరాతో ముద్రించబడి ఉంటాయి. ఊరి పేరులో చివరి "హెచ్" అక్షరం కనిపించదు. ఇది అచ్చుతప్పు కాదు. 1891 నుండి 1911 వరకు ప్రభుత్వ నిర్ణయం ప్రకారం ఆ పేరును అలాగే రాసేవారు. వెనుకవైపు సిగరెట్ల ప్రకటన ఉంటుంది. లభించిన వాగ్నర్ కార్డులలో అధికభాగం స్వీట్ కాపొరల్ ప్రకటన గలవి. పీడ్‌మాంట్ ప్రకటన గలవి అతి కొద్ది మాత్రమే.

ఎందుకు అరుదైనది

వాగ్నర్ అభ్యంతరం చెప్పడంతో అతని కార్డు ముద్రణను కంపెనీ త్వరలోనే ఆపివేసినది. అప్పటికి బయటకు వెళ్ళినవి 50 నుండి 200 వరకు ఉండవచ్చునని అంచనా. నేడు ఉనికి తెలిసినవి సుమారు 60 మాత్రమే.

అభ్యంతరానికి కారణం గురించి రెండు వాదనలు ఉన్నాయి. పిల్లలు తన బొమ్మ కోసం సిగరెట్లు కొనడం వాగ్నర్‌కు ఇష్టం లేదన్నది మొదటి వాదన. కంపెనీ తగిన ప్రతిఫలం ఇవ్వకపోవడమే కారణమన్నది రెండవది. వాగ్నర్ స్వయంగా పొగాకు నమిలేవాడు, చుట్టలు కాల్చేవాడు. 1940ల చివరలో లీఫ్ కంపెనీ విడుదల చేసిన బబుల్‌గమ్ కార్డుపై అతడు నమిలే పొగాకు చేతపట్టుకొని కనిపిస్తాడు. రెండవ వాదనను సమర్థించేవారు వీటిని చూపుతారు.

అయితే 1912లో స్పోర్టింగ్ న్యూస్ పత్రికలో వచ్చిన ఒక కథనం మొదటి వాదనకు దగ్గరగా ఉన్నది. దాని ప్రకారం, వాగ్నర్ అనుమతి సంపాదించి పెడితే 10 డాలర్లు ఇస్తామని కంపెనీ జాన్ గ్రూబర్ అనే పిట్స్‌బర్గ్ పాత్రికేయునికి చెప్పినది. తన బొమ్మ సిగరెట్టు పెట్టెలో ఉండడం తనకు ఇష్టం లేదని వాగ్నర్ అతనికి జవాబు రాశాడు. తన వలన గ్రూబర్ నష్టపోరాదని, ఆ ఉత్తరంతో పాటు 10 డాలర్ల చెక్కును కూడా జతపరిచాడు. డబ్బు ఆశించినవాడు ఎదురు డబ్బు పంపడు కదా అని మొదటి వాదనవారు అంటారు. పెద్దలు పొగాకు వాడడం వేరు, పిల్లలకు దానిని అలవాటు చేయడం వేరు అని అతడు భావించి ఉండవచ్చు.

ధరల చరిత్ర

బర్డిక్ తన జాబితాలో ఈ కార్డుకు 50 డాలర్ల విలువ కట్టాడు. ఆనాటి కార్డులకు అది చాలా ఎక్కువ ధర. తరువాతి కాలంలో అన్నిటికంటె ఎక్కువగా చేతులు మారి పేరుపొందినది పీడ్‌మాంట్ ప్రకటన గల ఒక కార్డు. అంచులు పదునుగా, మూలలు చెదరకుండా ఉండడం దాని ప్రత్యేకత. దాని ప్రయాణం ఈ విధంగా ఉన్నది:

1985: సేకరణకర్త, వ్యాపారి బిల్ మాస్ట్రో 25,000 డాలర్లకు కొన్నాడు.
1987: మాస్ట్రో దానిని 1,10,000 డాలర్లకు అమ్మివేశాడు.
1991: సోత్‌బీస్ వేలంలో ఐస్ హాకీ క్రీడాకారుడు వేన్ గ్రెట్జ్‌కీ, బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4,51,000 డాలర్లకు పాడుకున్నారు. అప్పటినుండి దీనికి గ్రెట్జ్‌కీ కార్డు అనే పేరు వచ్చినది.
1995: వాల్‌మార్ట్, మరొక సంస్థ కలిసి 5 లక్షల డాలర్లకు కొని బహుమతిగా ప్రకటించాయి.
1996: ఫ్లోరిడాకు చెందిన ఒక తపాలా ఉద్యోగినికి ఆ బహుమతి దక్కినది. ఆమె దానిని క్రిస్టీస్ ద్వారా వేలం వేయగా 6,41,500 డాలర్లు పలికినది.
2000: 12.65 లక్షల డాలర్లు. ఒక బేస్‌బాల్ కార్డు ధర 10 లక్షల డాలర్లు దాటడం ఇదే ప్రథమం.
2007: ఒకే సంవత్సరంలో మొదట 23.5 లక్షలకు, తరువాత 28 లక్షల డాలర్లకు అమ్ముడైనది. రెండవసారి కొన్నవాడు అరిజోనా డైమండ్‌బ్యాక్స్ జట్టు యజమాని కెన్ కెండ్రిక్.

అంచుల వివాదం

కార్డు విలువ దాని స్థితిని బట్టి ఉంటుంది. స్థితిని నిర్ణయించే సంస్థలు కార్డును పరీక్షించి, 1 నుండి 10 వరకు అంకె ఇచ్చి, ప్లాస్టిక్ పెట్టెలో మూసివేస్తాయి. 1991లో మొదలైన పి.ఎస్.ఎ. అనే సంస్థ పరీక్షించిన మొట్టమొదటి కార్డు గ్రెట్జ్‌కీ కార్డే. దానికి 8 అంకె ఇవ్వబడినది. అరిగిన అంచులను కత్తిరించి కొత్తవిగా కనిపించేటట్లు చేయడం ఈ రంగంలో పెద్ద మోసంగా పరిగణించబడుతుంది. అటువంటి కార్డుకు మామూలుగా అంకె ఇవ్వరు.

గ్రెట్జ్‌కీ కార్డు అంచులపై చాలాకాలంగా అనుమానాలు ఉండేవి. 2007లో వెలువడిన "ది కార్డ్" అనే పుస్తకం వాటిని బయటపెట్టినది. చివరకు 2013లో, తన సంస్థ వేలాలలో దొంగ పాటలు పాడించిన కేసులో నేరం ఒప్పుకుంటూ, ఆ కార్డు అంచులను తానే కత్తిరించానని బిల్ మాస్ట్రో అంగీకరించాడు. 2015లో అతనికి 20 నెలల జైలుశిక్ష పడినది. అంకెను నమ్మి లక్షల డాలర్లు పెట్టే సేకరణకర్తలకు ఇది ఒక గుణపాఠమైనది.

ఇటీవలి అమ్మకాలు

వివాదం తరువాత కూడా వాగ్నర్ కార్డుల ధర తగ్గలేదు. 2016లో 5 అంకె గల కార్డు 31.2 లక్షల డాలర్లకు అమ్ముడైనది. 2021 ఆగస్టులో 3 అంకె మాత్రమే గల కార్డు 66.06 లక్షలు పలికినది. 2022లో 72.5 లక్షలకు చేతులు మారిన కార్డు అంకె 2 మాత్రమే. 2021లో సగం చిరిగిపోయిన కార్డుకు కూడా 4.7 లక్షల డాలర్లకు పైగా వచ్చినది. మూలలు అరిగినా, మడతలు పడినా వాగ్నర్ కార్డు దొరకడమే గొప్ప అన్న భావన దీనికి కారణం.

ఇతర అరుదైన కార్డులు

టి206 వరుసలోనే ఎడ్డీ ప్లాంక్ కార్డు కూడా చాలా అరుదు. షెర్రీ మెగీ పేరు అక్షరదోషంతో అచ్చయి, తరువాత సరిదిద్దబడినది. తప్పుగా అచ్చయిన కార్డుకే విలువ ఎక్కువ. 1914లో బాల్టిమోర్ న్యూస్ పత్రిక వెలువరించిన బేబ్ రూత్ కార్డు 2023లో 72 లక్షల డాలర్లు పలికినది. టాప్స్ కంపెనీ వారి 1952 నాటి మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడై వాగ్నర్ కార్డును మించిపోయినది. అమ్ముడుపోని 1952 కార్డులను టాప్స్ కంపెనీ 1960లో అట్లాంటిక్ సముద్రంలో పారవేయించినది.

అసలు కార్డును గుర్తించడం

వాగ్నర్ కార్డుకు లెక్కలేనన్ని నకళ్ళు ఉన్నాయి. అసలు కార్డులు రాతి అచ్చు పద్ధతిలో ముద్రించబడినవి. కనుక భూతద్దంతో చూసినపుడు అడుగున ఉన్న అక్షరాలు నిండు రంగుతో కనిపిస్తాయి. ఆధునిక నకళ్ళలో అక్షరాలు సైతం సన్నని చుక్కల సమూహంగా కనిపిస్తాయి. కాగితం మందం, కొలతలు, వెనుకవైపు ప్రకటన కూడా సరిచూడవలసి ఉంటుంది. కొనదలచినవారు నిపుణుల పరీక్షతో పాటు ఆ కార్డు పూర్వం ఎవరెవరి వద్ద ఉన్నదో తెలుసుకొనడం అవసరం. మెట్రోపాలిటన్ మ్యూజియంలోనే కాక, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలోనూ ఒక అసలు కార్డు భద్రపరచబడి ఉన్నది.