బావంచాల నుంచి ఫోటోటైప్ దాకా: తెలుగునాట చర్మ సంరక్షణ

చర్మాన్ని పొరలుగా, రకాలుగా చూడటం భారతీయ వైద్యంలో చాలా పాతది. చరక సంహిత ఆరు పొరలు చెప్పగా, సుశ్రుత సంహిత ఏడు పొరలకు పేర్లు పెట్టి, ఏ జబ్బు ఏ పొరలో పుడుతుందో కూడా వివరించింది. మేని ఛాయను చూపేది పై పొర అవభాసిని; మంగు మచ్చలకు తావు రెండో పొర లోహిత. వాత ప్రకృతి వారి చర్మం పొడిగా, పిత్త ప్రకృతి వారిది త్వరగా కందిపోయేదిగా, కఫ ప్రకృతి వారిది నునుపుగా, జిడ్డుగా ఉంటుందన్నది ఈ సంప్రదాయం చేసిన విభజనే.

తెలుగిళ్లలో ఈ సంప్రదాయపు చర్మ సంరక్షణ నలుగుగా నిలిచింది. ఒంటికి నువ్వులనూనె పట్టించి, కాసేపు నాననిచ్చి, సున్నిపిండితో రుద్దుతారు. పెసలు, శనగపప్పు, బియ్యం విసిరి, పసుపు, కచ్చూరాలు, బావంచాలు కలిపితే సున్నిపిండి. నూనె ముందు, పిండి తర్వాత అన్న వరసలోనే కిటుకంతా ఉంది. పిండి పైజిడ్డును, మట్టిని లాగేస్తుంది; చర్మానికి కావలసిన నూనె మిగులుతుంది. మామూలు సబ్బు అలా మిగల్చదు. చర్మం పైభాగం పీహెచ్ సుమారు 5 ఉంటే సబ్బుది 9, 10 దాకా ఉంటుంది. అందుకే పొడి చర్మం వారికి సబ్బు స్నానం తర్వాత ఒళ్లు బిగుసుకుపోతుంది. అయినా సబ్బులు వచ్చి నిలిచాయి. 1916లో బెంగళూరులో మైసూర్ శాండల్ సబ్బు తయారీ మొదలైంది. తర్వాత పసుపు, చందనం పేరుతో వచ్చిన సంతూర్ సబ్బు తెలుగిళ్లలో బాగా పాతుకుపోయింది.

పొడి, మామూలు, జిడ్డు అన్న నేటి విభజనను 20వ శతాబ్ది తొలినాళ్లలో ప్రచారంలోకి తెచ్చినవారిలో సౌందర్య సాధనాల వ్యాపారి హెలెనా రూబిన్‌స్టీన్ ముఖ్యురాలు. వైద్యుల విభజన మాత్రం వేరే దారిలో వచ్చింది. సున్నిపిండిలో కలిపే బావంచాల గింజల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మాన్ని ఎండకు చురుకుగా స్పందించేలా చేస్తుంది. ఆయుర్వేదం బొల్లికి ఆ గింజలనే వాడింది. 1970ల్లో అమెరికాలో సోరలెన్ తరగతి మందు ఇచ్చి, అతినీలలోహిత కిరణాలు సోకించి సోరియాసిస్‌కు చికిత్స మొదలుపెట్టారు. జుట్టు, కళ్ల రంగును బట్టి మోతాదు నిర్ణయిస్తే కొందరికి ఒళ్లు కాలింది. దాంతో 1975లో హార్వర్డ్ వైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్, ఎండలో చర్మం కమిలిపోతుందా, నల్లబడుతుందా అన్న ప్రశ్నతో ఫోటోటైపులు అనే రకాలు విడదీశాడు. మొదటి నాలుగూ తెల్లవారివే. గోధుమవన్నె, నల్లని చర్మాలకు 5, 6 రకాలు తర్వాత చేరాయి. తెలుగువారిలో ఎక్కువమంది 4, 5 రకాల్లోకి వస్తారు. ఈ చర్మం తేలిగ్గా కమలదు గానీ, చిన్న మొటిమ, గాయం మానినా నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది.

అదే 1975లో చర్మాన్ని తెల్లబరుస్తానంటూ ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము మన దేశ మార్కెట్‌లోకి వచ్చింది. 2020లో గ్లో అండ్ లవ్లీగా పేరు మార్చుకుంది. రంగును లోపంగా చూపిన ఈ వ్యాపారం చేసిన చెరుపు తక్కువేం కాదు. తెల్లబడాలన్న ఆశతో స్టెరాయిడ్ పూతమందులు నెలల తరబడి ముఖానికి రాసుకున్నవారికి చర్మం పలచబడి, ఎర్రబారి, మొటిమలు, వెంట్రుకలు పెరిగాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి పలు పూతమందులకు డాక్టరు చీటీ తప్పనిసరి చేసింది.

పొలం పనులు ఎక్కువగా ఉండే తిరువూరు వంటి చోట చర్మ రకంతోపాటు పనిని, ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2022 దాకా కృష్ణా జిల్లాలో ఉండి ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ ఊరు ఖమ్మం జిల్లా సరిహద్దున ఉంది. చుట్టూ మామిడి తోటలు, మిరప, పత్తి చేలు. మామిడి జీడి కుటుంబపు చెట్టు. కాయ కోసేటప్పుడు తొడిమ నుంచి చిమ్మే సొన పడినచోట చర్మం కాలినట్టయి బొబ్బలెక్కుతుంది, ఆపై నల్లమచ్చ కడుతుంది. పొడవు చేతుల చొక్కా, తలగుడ్డ, సొన పడగానే సబ్బునీళ్లతో కడగడం కూలీలకు ఏ క్రీముకన్నా మేలు. మిరప కోతలో చేతులు మండితే ఉత్త నీళ్లు చాలవు. కారం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు నూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి.