గేటు లోపల ఒక మంగళవారం

గౌతమి ఎక్స్‌ప్రెస్ మమ్మల్ని లింగంపల్లిలో దించేసరికి ఎండ వచ్చేసింది. డిసెంబరు చలి మాత్రం వదల్లేదు. సామర్లకోటలో ఎక్కినప్పటి నుంచి మా అమ్మాయి ఒళ్లోంచి సర్టిఫికెట్ల ఫైలు దించలేదు. "ఇవాళ అది అడిగేవాళ్లెవరూ లేరమ్మా" అన్నా వినదు. మంగళవారమే వెళ్దామని పట్టుబట్టింది నేను. ఆదివారం వస్తే కనబడేవి గోడలూ తాళాలే.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం గేటు దగ్గర పేర్లు రాసి లోపలికి నడిచాం. పది అడుగులకే హారన్ల మోత వెనకబడింది. రోడ్డుకి రెండు వైపులా ఎవరో పేర్చి మరిచిపోయినట్టున్న బండరాళ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. ఎక్కడో నెమలి అరిచింది. నడుస్తున్నాం, ఇంకా నడుస్తున్నాం. ఆటోని లోపలికే తేవాల్సిందని నా మోకాళ్లు చెప్పాయి. 1974లో ఈ విశ్వవిద్యాలయం మొదలైంది అబిడ్స్ దగ్గర సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో. తర్వాత ఇక్కడ ఇచ్చిన నేల 2,300 ఎకరాల పైమాటే. ఆ అంకె చదివినప్పుడు ఏమీ అనిపించలేదు. అరికాళ్లకి ఇప్పుడు తెలుస్తోంది.

కెమిస్ట్రీ విభాగంలో నేను ఆఫీసు ఎక్కడా అని వెతుకుతుంటే, అమ్మాయి నోటీసు బోర్డు ముందు ఆగిపోయింది. సెమినార్ కాగితాలు, పోయిన ఐడీ కార్డు, అమ్మకానికి పాత సైకిల్. పదకొండింటికి ఒక పరిశోధక విద్యార్థి ప్రసంగం ఉందట. "కూర్చోవచ్చా?" అని తలుపు దగ్గరున్న అమ్మాయిని అడిగితే, వెనక కుర్చీలు చూపించింది.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఒకటి చూశాను. చివర్లో ఓ కుర్రాడు లేచి, ప్రొఫెసర్ చెప్పినదానికి అడ్డం చెప్పాడు. నేను ఊపిరి బిగబట్టాను. మా కాలేజీలో అయితే ఆ రోజుతో వాడి ఇంటర్నల్ మార్కులు సరి! ఆయన మార్కర్ అతని చేతిలో పెట్టి బోర్డు చూపించారు. మా అమ్మాయి ఫైలు కింద పెట్టి నోటుబుక్కు తీసింది.

క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్ షాప్‌కామ్‌లో టీ తాగుతుంటే పక్క బల్ల మీద మలయాళం, ఒడియా, హిందీ, మధ్యలో మన తెలంగాణ యాస. ఆగలేక, "ప్లేస్‌మెంట్లు ఎలా ఉంటాయి బాబూ?" అన్నాను. అమ్మాయి కళ్లతోనే నన్ను కూర్చోబెట్టింది. నేనుంటే ఎవరూ అసలు మాట చెప్పరని అప్పుడర్థమైంది. "నేనిక్కడే ఉంటా. నువ్వెళ్లి లేడీస్ హాస్టల్ చూసి రా తల్లీ" అన్నాను.

పక్క బల్ల కుర్రాడు నాతో కాసేపు కూర్చున్నాడు. 2025 ఏప్రిల్‌లో చెట్ల నరికివేత ఆపమని సుప్రీంకోర్టు చెప్పిన కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు ఎటువైపో చెయ్యెత్తి చూపించాడు. టీవీలో చూసి నేనేదో దూరమనుకున్నా. వీళ్లకది పెరడు.

గంటన్నరకి అమ్మాయి తిరిగొచ్చింది. ముఖం ఎర్రబడింది, చెప్పుల నిండా దుమ్ము. నెలకి మెస్ బిల్లు ఎంత పడుతుందో, ల్యాబ్‌లో పొద్దుపోతే ఎవరెవరు కలిసి వెనక్కి నడుస్తారో, ఏ గైడు కొత్తవాళ్ల మెయిల్‌కి జవాబిస్తారో అన్నీ కనుక్కుంది. నేను అడగాలనుకున్నవాటిలో ఇందులో ఒక్కటీ లేదు.

"ఎలా ఉందమ్మా?"

నీళ్లు తాగి ఫోన్ నా ముందు పెట్టింది. నోటీసు బోర్డు ఫొటో.

"ఎంట్రన్స్ రాశాక ఫోన్ చేస్తానని చెప్పాను నాన్నా. లేడీస్ సైకిలేనట."