కేన్సర్ కణానికి వినిపించని హెచ్చరిక

వైరస్ సోకిన కణాలు పొరుగు కణాలను కాపాడే ఒక పదార్థాన్ని వెలువరిస్తాయని 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనుగొన్నారు. దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. అది కణవిభజనను కూడా మందగింపజేస్తుందని తరువాత తేలడంతో, కేన్సర్ మందుగా దానిమీద ఆశలు పెరిగాయి. 1978లో అమెరికన్ కేన్సర్ సొసైటీ ప్రయోగాలకు 20 లక్షల డాలర్లు కేటాయించింది. 1980 మార్చిలో టైమ్ పత్రిక ముఖచిత్రంపై ఇంటర్‌ఫెరాన్ కనిపించింది.

1986లో హెయిరీ సెల్ లుకీమియా చికిత్సకు అమెరికా ప్రభుత్వం దానిని ఆమోదించింది. ఆ అరుదైన వ్యాధిలో మందు చక్కగా పనిచేసింది. గట్టి కణుతులలో ఎక్కువ భాగం మాత్రం లొంగలేదు. ఒకే మందుకు ఇన్ని రకాల స్పందనలెందుకు?

1991లో క్లీవ్‌లాండ్ క్లినిక్ నుంచి ధనంజయ కల్వకొలను, గణేశ్ సేన్ తదితరులు ప్రచురించిన పరిశోధన ఈ ప్రశ్నకు ఒక జవాబు సూచించింది. కణాన్ని కేన్సర్ దారి పట్టించగల అడినోవైరస్ ప్రోటీను ఇ1ఎ ఉన్నచోట, ఇంటర్‌ఫెరాన్ తాకినా అది మేల్కొలపవలసిన జన్యువులు మేల్కొనలేదు. జన్యువును నడిపించే ప్రోటీన్ల కూటమి ఏర్పడకపోవడమే కారణం. ఇంచుమించు ఆ కాలంలోనే న్యూయార్క్‌లో డార్నెల్, లండన్‌లో స్టార్క్, కెర్ బృందాలు సంకేతం నడిచే దారిని గుర్తించాయి: కణపు పొరమీది గ్రాహకం నుంచి జాక్ ఎంజైములకు, అక్కడినుంచి స్టాట్ ప్రోటీన్లకు, వాటితో కేంద్రకంలోకి. దారి తెలిశాక, అది ఎక్కడ తెగిందో వెదకడం సాధ్యమైంది.

2016లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్‌లో రీబాస్ బృందం, పెంబ్రోలిజుమాబ్‌తో తగ్గి మళ్ళీ పెరిగిన మెలనోమాను నలుగురు రోగులలో పరిశీలించింది. ఒకరి కణితిలో జాక్1, మరొకరి కణితిలో జాక్2 పనిచేయడం మానేశాయి. టి-కణాలు వెలువరించే ఇంటర్‌ఫెరాన్ గామా ఆ కణాలను ఇక అదుపు చేయలేదు. కలుపుమందుకు చావని మొక్కే మరుసటి పంటలో చేనంతా నిండినట్లు, చికిత్సకు లొంగని కణాలే మిగిలి పెరిగాయి.

అయితే ఈ చెవుడుకు కణం మూల్యం చెల్లిస్తుంది. హెచ్చరిక విననిది వైరస్‌నుంచి తనను కాపాడుకోలేదు. ఇంటర్‌ఫెరాన్ స్పందన కోల్పోయిన కణుతులను వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్ చంపగలదని, ఆరోగ్యవంతమైన కణాలను ఇంటర్‌ఫెరాన్ రక్షిస్తుందని 2000లో ఒట్టావా పరిశోధకులు చూపారు.

మందు పనిచేయలేదని రోగికి చెప్పి ఊరుకోవడం ఒకప్పుడు వైద్యుడికి తప్పేది కాదు. ఇవాళ అదే కణితిని పరీక్షించి, సంకేతం ఏ మెట్టు దగ్గర ఆగిందో అడగవచ్చు. ఆ జవాబు ప్రతి రోగికీ కొత్త చికిత్సను ఇవ్వకపోయినా, పనికిరాని మందుతో గడిచే నెలలనైనా మిగల్చగలదు.