తామర: పెరటి పెంపకం
తామర దుంపతో ఏళ్ల తరబడి బతికే నీటిమొక్క. భారత జాతీయ పుష్పం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిరప పండే నల్లరేగడి దీనికి చక్కగా సరిపోతుంది. జిగటమన్ను నీటిలో తేలకుండా దుంపను పట్టి ఉంచుతుంది. చిల్లులేని రెండడుగుల తొట్టిలో అరడుగు మట్టి పోసి, దుంపను అడ్డంగా పెట్టి, మొలక కొసను మాత్రం పైకి వదలాలి. ఆ కొస విరిగిందా, దుంప తరచూ కుళ్లుతుంది. పచ్చిపేడ వద్దు. గింజ నాటేవారు దాని పెంకును గరుకురాయిపై అరగదీయాలి. చైనాలో దొరికిన సుమారు 1,300 ఏళ్లనాటి గింజ కూడా మొలిచింది! తొలి ఆకులు నీటిపై తేలతాయి. కాడపై నిలిచే ఆకులు వచ్చాకే మొగ్గ కోసం చూడాలి. రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. మే నెలలో ఆవిరైన నీటిని ఎప్పటికప్పుడు నింపాలి. దోమల లార్వాలను గప్పీ చేపలు తింటాయి. పురుగుమందు కలిపిన పాత డ్రమ్ము ఎంత చవకైనా తొట్టిగా పనికిరాదు.