ఓడ ఎక్కకముందే మొదలయ్యే వైద్యం

నడిసముద్రంలో జబ్బుపడిన మనిషికి దొరికే వైద్యం, ఆ ఓడలో ఉన్న వైద్యుడి నేర్పు కంటే, ఆ మనిషి రేవులో ఓడ ఎక్కే నాటికి ఏ స్థితిలో ఉన్నాడు, అతడికి పడుకోవడానికి ఎంత చోటు ఇచ్చారు, తాగడానికి ఎలాంటి నీళ్లు పోశారు అన్న మూడు విషయాల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. విహార నౌకల్లో వృద్ధులకూ గర్భిణులకూ దీర్ఘరోగులకూ వర్తించే నియమాల వెనుక ఉన్నది కూడా ఈ సూత్రమే. దీన్ని పందొమ్మిదో శతాబ్దపు పాలకులకు నేర్పిన వారిలో, మద్రాసు రేవు నుంచి మారిషస్‌కూ నేటాల్‌కూ ఫిజీకీ ఒప్పందపు కూలీలుగా వెళ్లిన తెలుగువారు ఉన్నారు. ఒప్పందపు కూలీ అంటే, సాధారణంగా అయిదేళ్లపాటు ఒకే యజమాని తోటలో పనిచేస్తానని ముందే కాగితం మీద వేలిముద్ర వేసి, అందుకు బదులుగా ఓడ ప్రయాణాన్ని ఉచితంగా పొందిన మనిషి.

ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉన్న శావల్యాపురం, వినుకొండ ప్రాంతం సముద్రానికి దూరమైన మెట్టనేల కాబట్టి ఓడ వైద్యంతో దానికి సంబంధమేమిటని అనిపించవచ్చు. ఆ సంబంధం పేరు కరువు. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు జిల్లాలోని సుమారు అయిదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. 1876–78 నాటి ధాత కరువు మద్రాసు ప్రెసిడెన్సీని మరోసారి కుంగదీసింది. ఇలాంటి కాలాల్లో ఇల్లు విడిచి రేవులు చేరినవారు ఆరోగ్యవంతులైన ప్రయాణికులు కారు. నెలల తరబడి అరకడుపుతో గడిపి, ఒంట్లో రక్తం ఇంకిపోయి, చిన్న విరేచనానికే ప్రాణం మీదికి తెచ్చుకునే స్థితిలో ఉన్నవారు. ఈనాటి వైద్యులు ప్రమాదం ఎక్కువగా ఉన్న ప్రయాణికులని ఎవరిని అంటారో, అప్పటి ఓడల్లో దాదాపు అందరూ అలాంటివారే.

ఈ ఒప్పందపు కూలీల వలసకు 1837లో తొలి చట్టాలు వచ్చాయి. ఆ పద్ధతి దుర్వినియోగంపై గొడవ చెలరేగి ప్రయాణాలు ఆగిపోయాయి. 1842లో మారిషస్‌కు, 1844లో కరీబియన్ తీరాలకు తిరిగి అనుమతి దొరికింది. 1864 నాటి చట్టం వచ్చేసరికి ఒక్కొక్క పెద్ద మనిషికి ఓడ అడుగు అంతస్తులో కనీసం 12 చదరపు అడుగుల నేల, 72 ఘనపుటడుగుల గాలి ఉండాలన్న నిబంధన స్థిరపడింది. అంటే ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల పడక, దాని మీద ఆరడుగుల ఎత్తు. పసిపిల్లలను ఈ లెక్కలోకే తీసుకోలేదు, కొంచెం పెద్ద పిల్లలు ఇద్దరైతే ఒక పెద్దమనిషి కింద జమ. ఈ కొలతలు ఎంత ఇరుకైనవో చెప్పనక్కరలేదు. అయినా అవి లేని రోజులతో పోలిస్తే ఇది మేలే, ఎందుకంటే ఈ కొలతల కోసం అప్పటికే వేల ప్రాణాలు పోయాయి.

ఆ ప్రాణాలు పోయిన తీరు తెలిస్తేనే వైద్యం ఎక్కడ విఫలమైందో తెలుస్తుంది. 1856–57లో కలకత్తా నుంచి కరీబియన్ దీవులకు వెళ్లిన ఓడల్లో సగటున నూటికి 17 మంది దారిలోనే చనిపోయారు. మద్రాసు నుంచి బయలుదేరిన ఓడల్లో మరణాలు ఇంతకంటే చాలా తక్కువ. ఒకే రకమైన ఓడలు, ఒకే సముద్రం, ఒకే స్థాయి వైద్యులు ఉండగా ఈ తేడా ఎందుకన్న ప్రశ్న బెంగాల్ వైద్యాధికారి ఫ్రెడరిక్ మౌయట్ వంటివారిని విచారణకు పురికొల్పింది. డిపోల్లో, అంటే ఓడ వచ్చేదాకా కూలీలను ఉంచే విడిది గృహాల్లో, కిక్కిరిసిన జనం మధ్యే వాంతిభేది సోకడం, లోపల రోగం ఉన్నవారిని సరిగా పరీక్షించకుండా ఎక్కించడం, మంచినీటి నాణ్యతను పట్టించుకోకపోవడం ప్రధాన కారణాలుగా తేలాయి. జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాక్ కలకత్తాలో వాంతిభేది క్రిమిని గుర్తించింది 1884లో. అంతకు ముందు ఓడ వైద్యుడికి ఆ రోగం నీటి ద్వారా వస్తుందన్న నిశ్చయం లేదు. దేహంలోని నీరు, లవణాలు గంటల్లో బయటికి పోవడం వల్ల మనిషి చనిపోయే ఈ రోగానికి, తిరిగి నీరు పట్టించడమే అసలు చికిత్స. ఆ నీటినే కొలిచి పోసే ఓడలో, ఆ నీళ్లలోనే రోగం ఉంటే, నల్లమందు ద్రావకం పట్టుకుని నిలబడ్డ వైద్యుడు చేయగలిగింది ఏముంటుంది? తరవాతి కాలంలో ఉప్పునీటిని మరిగించి, ఆవిరిని చల్లార్చి మంచినీరుగా మార్చే యంత్రాలను ఓడల్లో అమర్చడం, ఏ మందుల పెట్టె కంటే ఎక్కువ ప్రాణాలను నిలబెట్టిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

వైద్యుడి పదవికి కూడా ఒక చరిత్ర ఉంది. ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఖైదీలను తీసుకెళ్లిన ఓడల్లో మరణాలు పెరిగినప్పుడు, 1814లో విలియం రెడ్‌ఫర్న్ అనే వైద్యుడు ఇచ్చిన నివేదిక ఆధారంగా ప్రతి ఓడలోనూ స్వతంత్రమైన అధికారం ఉన్న వైద్యుణ్ణి నియమించే పద్ధతి మొదలైంది. అదే పద్ధతి కూలీ ఓడలకూ వచ్చింది. సర్జన్ సూపరింటెండెంట్ అని పిలిచే ఈ అధికారి వంట, పారిశుధ్యం, పడకల శుభ్రత, పైఅంతస్తు మీద ఎండకూ గాలికీ జనాన్ని కూర్చోబెట్టడం, స్త్రీల రక్షణ వంటివన్నీ చూడాలి. వీటి కోసం జేమ్స్ లైంగ్ అనే వైద్యుడు 1889లో ఒక చేతిపుస్తకమే రాశాడు. ఇతడి ప్రతిఫలం, గమ్యస్థానంలో ప్రాణాలతో దిగిన తలకు ఇంత అనే లెక్క మీద ఉండేది. మనుషుల ప్రాణాలకు ఇలా వెలకట్టడం నేడు మనసును బాధిస్తుంది; అయినా రోగిని బతికించడం వైద్యుడికి లాభం, చనిపోనివ్వడం నష్టం అన్న స్థితిని అది కల్పించిందన్నది ఒప్పుకోవలసిన సంగతి. కంపౌండర్ల సహాయం ఉన్నా, తెలుగు తప్ప మరో మాట రాని తల్లి తన బిడ్డకు నొప్పి ఎక్కడ ఉందో దుబాసీల ద్వారా తెల్లవైద్యుడికి చెప్పవలసి వచ్చినప్పుడు, ఆ మాటలు ఎంత మేరకు చేరి ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

నేటాల్‌కు, అంటే ఇప్పటి దక్షిణాఫ్రికా తూర్పు తీరానికి, మద్రాసు నుంచి వెళ్లిన తొలి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. పది రోజుల తరవాత కలకత్తా నుంచి వచ్చిన బెల్విడియర్‌లో వాంతిభేది ఉండటంతో దాన్ని వేరుగా ఉంచవలసి వచ్చింది. 1911 వరకు నేటాల్ చేరిన 1,52,184 మందిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచి వెళ్లినవారే. వారి సంతతిలోని తెలుగువారు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు.

వచ్చిన ఓడను వేరుగా ఉంచడాన్ని క్వారంటైన్ అంటారు. దాని కథ ఫిజీలో మరింత బరువైనది. 1875లో ఒక యుద్ధనౌక తెచ్చిన తట్టు వల్ల ఫిజీ స్థానికులు సుమారు 40,000 మంది చనిపోయారు. అందుకే 1879 మే 14న కలకత్తా నుంచి లియోనిడాస్ ఓడ వాంతిభేది, మశూచులతో లెవుకా చేరినప్పుడు, బతికి ఉన్న 463 మందిని వెంటనే ఊళ్లోకి రానివ్వక యానుకా లైలాయి అనే చిన్న దీవిలో ఉంచారు. తీరంలోని ప్రజలను కాపాడటానికీ ఓడలోని రోగులను కాపాడటానికీ మధ్య ఉన్న ఈ వైరుధ్యం నేటికీ తీరలేదు. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు 1903లో మొదలయ్యాయి. అప్పటికి తెరచాపల ఓడకు 70 రోజులకు పైగా పట్టే ఆ ప్రయాణాన్ని ఆవిరి ఓడ నెలరోజులకు కుదించింది. రోజులు తగ్గడం వల్ల రోగం వ్యాపించే అవకాశమూ తగ్గింది.

అన్ని ప్రయాణాల్లోనూ అందరి కంటే ఎక్కువగా నష్టపోయింది పసిపిల్లలు. సముద్రపు వాంతులతో తల్లికి పాలు ఇంకిపోవడం, డబ్బాపాలను కలపడానికి శుభ్రమైన నీరు లేకపోవడం, ఇరుకులో తట్టు సులభంగా అంటుకోవడం వల్ల వారి మరణాలు పెద్దల మరణాలతో పోలిస్తే చాలా ఎక్కువగా నమోదయ్యాయి. నేటి విహార నౌకల సంస్థలు ప్రయాణం ముగిసేలోగా ఇరవైనాలుగో వారం దాటే గర్భిణులను, ఆరు నెలల లోపు పిల్లలను సాధారణంగా ఎక్కించుకోవు. ఈ నియమం కొందరికి కఠినంగా తోచినా, కాన్పు కష్టమైతే రక్తం, శస్త్రచికిత్స నిపుణులు నడిసముద్రంలో దొరకరన్న వాస్తవం మారలేదు.

మారింది సమాచారం. 1935లో రోమ్‌లో, రేడియో మార్గదర్శి మార్కొనీ తొలి అధ్యక్షుడిగా, వైద్యుడు లేని ఓడలకు రేడియో ద్వారా సలహా చెప్పే అంతర్జాతీయ కేంద్రం ఏర్పడింది. 2006 నాటి సముద్ర కార్మికుల ఒప్పందం, వందమంది లేదా అంతకు మించి ఎక్కి మూడు రోజులకు మించి అంతర్జాతీయ ప్రయాణం చేసే ప్రతి ఓడలోనూ అర్హుడైన వైద్యుడు ఉండాలని నిర్దేశించింది. అయితే 2020 ఫిబ్రవరిలో యోకోహామాలో నిలిపిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 3,711 మందిలో 712 మందికి కోవిడ్ సోకినప్పుడు, ప్రయాణికుల్లో వయసుమళ్లినవారే అధికంగా ఉండటం, 138 మంది భారతీయులలో అత్యధికులు ఓడ సిబ్బందే కావడం గమనించదగినవి. అందరినీ గదుల్లో మూసి ఉంచినప్పుడు, వారికి అన్నం అందించే పనివారికి ఆ మూసివేత వర్తించలేదు.

విశాఖపట్నానికి 2022 జూన్‌లో విహార నౌక వచ్చింది, 2023లో ప్రత్యేక టెర్మినల్ ప్రారంభమైంది. పల్నాడు నుంచి గుండెజబ్బో చక్కెరవ్యాధో ఉన్న తల్లిదండ్రులను ఓడ ఎక్కించాలనుకునే కుటుంబానికి, టికెట్ కంటే ముందు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి: ఓడ ఆసుపత్రిలో ఏ పరీక్షలు చేస్తారు, చికిత్స ఖర్చును బీమా భరిస్తుందా, అత్యవసరమైతే హెలికాప్టర్ చేరుకోగల దూరంలో తీరం ఎన్ని గంటలు ఉండదు. వేసుకునే మందుల జాబితా, తాజా ఈసీజీ, వైద్యుడి చీటీ చేతిసంచిలోనే ఉండాలి, సామానులో కాదు. ఇలా మనిషి వివరాలను కాగితం మీద పెట్టడం పాత ఓడల్లోనూ ఉంది: నేటాల్ ఓడల జాబితాల్లో ప్రతి మనిషి పేరు పక్కన తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు రాసి ఉంచారు. 1904లో గుంటూరు జిల్లా తిరిగి ఏర్పడేదాకా వినుకొండ తాలూకా కృష్ణా జిల్లాలో భాగం కాబట్టి, ఈ ప్రాంతం నుంచి వెళ్లినవారి కోసం వెతకాలనుకునే కుటుంబాలు అంతకు ముందటి ఓడల్లో కృష్ణా జిల్లా పేరు కిందే చూడవలసి ఉంటుంది.